కిటికీ అద్దం మీద రెండు గీతలు

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మూడు నెలలుగా తమ పని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. గొడవేమీ జరగలేదు. విశ్వవిద్యాలయంలో వాళ్ళ విభాగం పద్ధతే అలాంటిది.

ఎక్కడో ఒక నక్షత్రం చుట్టూ ఒక గ్రహం తిరుగుతుంటుంది. అది నక్షత్రానికి అడ్డంగా వెళ్ళేటప్పుడు అంతరిక్షంలోని టెలిస్కోపు నక్షత్రం వెలుగును పట్టి పంపుతుంది. ఆ వెలుగులో పిసరంత గ్రహం చుట్టూ ఉన్న గాలిలోంచి వడకట్టుకుని వస్తుంది కనక, ఆ గాలిలో ఏముందో చెప్పవచ్చు. అయితే ఆ జాడ ఎంత సన్నటిదంటే, వెతికేవాళ్ళకు తమకు కావలసిందే కనిపించే ప్రమాదం ఉంది. అందుకని ఒకే డేటాను ఇద్దరికి ఇస్తారు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా విడివిడిగా లెక్క కట్టి, ఫలితాన్ని గ్రాఫు మీద గీతగా గీస్తారు. చివరికి ఇద్దరి గీతలూ కలిస్తే నమ్ముతారు.

ఈసారి ఆ ఇద్దరూ ఒకే ఇంటి కొడుకూ కోడలూ అయ్యారు. ఈ రకం లెక్క వచ్చినవాళ్ళు విభాగంలో వాళ్ళే మరి. విభాగం పెద్దను అందరూ చాటుగా సున్నా సారు అంటారు. ఎవరు ఏం కనుక్కున్నామని వెళ్ళినా, నా మటుకు ఇది సున్నా, కాదని మీరు నిరూపించండి అంటారాయన. ఆయన వీళ్ళిద్దరినీ పిలిచి, ఇంట్లో నోరు కట్టేసుకుని ఉండగలరా అని అడిగారు.

"పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది సార్, అలవాటే" అన్నాడు కొడుకు. గదిలో అందరూ నవ్వారు.

అత్తగారికి మాత్రం ఈ ఏర్పాటు మింగుడుపడలేదు. పగలంతా ఒకే చోట కూర్చుని, ఇంటికొచ్చి రైల్లో ఎదురుబదురు సీట్లు దొరికినవాళ్ళలా తింటారేమిటని సణిగేది. పని సంగతి కాకపోతే కూరలో ఉప్పెక్కువైందనైనా అనొచ్చుగా, వండిన మనిషిని ఎదురుగానే ఉన్నానుగా అనేది. కానీ పని మాట వద్దనుకున్నాక వాళ్ళకు వేరే మాట కూడా తోచేది కాదు.

పైగా కొడుకు దిగులు వేరే ఉంది. కోడలిది పర్మనెంటు ఉద్యోగం. అతనిది ఏడాదికేడాది పొడిగించేది. ఈసారి పొడిగించరని విభాగంలో గుసగుసలు. ఈ గ్రహంలో ఏదైనా కనిపిస్తే దాన్ని చూపించి అతన్ని ఉంచుకుంటారు, లేకపోతే లేదు. పళ్ళు తోముకుంటూ బ్రష్షు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. తల్లి తలుపు తట్టి పిలిస్తే గాని ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

ఒక ఆదివారం అతను జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినప్పుడు, అత్తాకోడళ్ళిద్దరూ ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. రోజంతా ఆ కంప్యూటరు ముందు ఏం చేస్తావమ్మాయ్ అని అడిగింది అత్తగారు. ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే కోడలికి తల పగిలేలా ఉంది. అత్తయ్యకు చెబితే గోడకు చెప్పినట్టే అనుకుంది.

చాలాసేపు కట్టేసిన కొళాయి తిప్పితే మొదట మురికినీళ్ళు వస్తాయి కదా, వాటిని పారబోస్తాం కదా, టెలిస్కోపూ అంతేనని చెప్పింది. కొత్త నక్షత్రం వైపు తిరిగిన కాసేపటి దాకా దాని కన్ను కుదురుకోదు. ఆ మొదటి భాగాన్ని కోసి పారెయ్యాలి. ఎంత కొయ్యాలన్నదే చిక్కు. తక్కువ కోస్తే మురికి మిగిలిపోతుంది, ఎక్కువ కోస్తే మంచినీళ్ళూ పోతాయి. తను గంటన్నర కోసింది.

అత్తగారు దుప్పటి రెండో కొస పట్టుకుని లాగుతూ, "గంటన్నరసేపు నీళ్ళు వదిలేస్తే బిల్లెవరు కడతారు?" అంది. చాలా రోజుల తరవాత కోడలు గట్టిగా నవ్వింది.

గీతలు కలిపి చూసే రోజు వచ్చింది. ఇద్దరూ తమ గీతను పల్చటి ప్లాస్టిక్ షీటు మీద వేయించి తేవాలి. సున్నా సారు ఒక షీటును సెమినారు గది కిటికీ అద్దానికి అతికించి, ఎప్పటిలాగే ముందు ఆ ప్రశ్న అడిగారు. ఒకరు చేసింది ఒకరికి ఏమైనా తెలిసిందా? కొడుకు లేదన్నాడు. కోడలు లేదంది. అప్పుడాయన రెండో షీటును మొదటిదాని మీద పెట్టారు.

రెండు గీతలూ ఒకటే అయిపోయాయి. మీథేన్ ఉంటే గీత ఎక్కడ పైకి లేవాలో అక్కడ రెండూ ఒకే ఎత్తున లేచాయి. మీథేన్ వెలుగు తగిలి విరిగిపోయే వాయువు. అయినా ఉందంటే, అక్కడ ఏదో దాన్ని ఎప్పటికప్పుడు పుట్టిస్తూ ఉండాలి. అగ్నిపర్వతాలు కావచ్చు. ప్రాణం కావచ్చు. సున్నా సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. సున్నా అనలేదు. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కొడుకు గోడకు ఆనుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారి మొహం వెలిగిపోతోంది.

"ఇందులో నాకూ కాస్త వాటా ఉంది, ఏమనుకున్నారో" అంది.

ఏం వాటా అని కోడలు నవ్వుతూనే అడిగింది.

"వీడు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటే చూడలేక నేనే చెప్పానమ్మా. ఒరేయ్, మీ ఆవిడ మొదటి గంటన్నరా పారబోసిందట, నువ్వూ పారబోసి చూడు అన్నాను. మర్నాటి నుంచి మొహం తేటపడింది."

కోడలు భర్త వైపు చూసింది. అతను పళ్ళెంలోకే చూస్తున్నాడు.

తరవాత అత్తగారు టీవీ ముందు కూర్చున్నాక, వంటింట్లో అతను గిన్నెలు కడుగుతుంటే ఆమె తుడవడానికి నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది, కిటికీ దగ్గర లేదని ఎందుకన్నావని. నిండు సభలో మా అమ్మ చెప్పిందనమంటావా అన్నాడు. తను మొదట అరగంటే కోశాడట. అమ్మ చెప్పాక మళ్ళీ పరిశీలనగా చూస్తే, నిజంగానే గంటన్నర దాకా డేటా వణుకుతూనే ఉందట.

"నేనూ అక్కడికే వచ్చేవాణ్ణి" అన్నాడు.

"వచ్చేవాడివేమో."

"ఏమో ఏంటి?"

"వచ్చేవాడివో లేదో ఇప్పుడిక ఎవరికీ తెలియదు. నీకూ తెలియదు."

అతను గిన్నె బోర్లించాడు. అరగంటకీ గంటన్నరకీ గీతలో తేడా ఎంతని ఆమె అడిగింది. పెద్ద తేడా ఏం లేదన్నాడు. పైగా, అసలు నోరు విప్పింది నువ్వు కదా అన్నాడు. ఆమె తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. వ్యాసం పత్రికకు వెళ్ళేలోపు సారుకు నువ్వే చెప్పు, నేను చెబితే బాగుండదు అని మాత్రం అంది. చెబుతాలే అన్నాడు.

చెప్పలేదు. రోజూ పొద్దున్న ఈ రోజు చెబుతాడనుకుంటూ ఆమె అతని పక్కనే నడిచి వెళ్ళేది. సాయంత్రం అడిగితే, సారు తీరిగ్గా లేరనేవాడు. వ్యాసం చిత్తుప్రతి తయారైంది. అందులో ఇద్దరు పరిశోధకులు స్వతంత్రంగా చేసిన లెక్కలని రాసి ఉంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె చదవడం ఆపేసి వేరే పని చూసుకునేది.

ఒక మధ్యాహ్నం విశ్వవిద్యాలయం ప్రచార విభాగం నుంచి ఒకావిడ, ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరినీ కిటికీ దగ్గర నిలబెట్టి చెరో షీటు పట్టుకోమంది. నిజంగానే ఇంట్లో ఒక్క మాట కూడా దొర్లలేదా అని అడిగింది. ఆవిడకు కావలసిన వార్త అదే.

"మా అమ్మే సాక్షి. కావాలంటే అడగండి" అన్నాడు కొడుకు నవ్వుతూ.

అయితే మీ ఇంటికే వచ్చి అమ్మగారితో కూడా మాట్లాడతామని ఆవిడ ఉత్సాహపడింది.

అత్తగారు మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, కెమెరా ముందు కూర్చోవడం కోడలి కళ్ళకు కట్టింది. తన వాటా గురించి గొప్పగా చెప్పేస్తుంది. లేదా, చెప్పొద్దని కొడుకు ముందే నేర్పితే తలదించుకుని, లేదమ్మా, వీళ్ళు మాట్లాడుకోలేదు అంటుంది. ఆ రెండోది చూడడం తన వల్ల కాదు.

చేతిలోని షీటు దించింది. గది చివర నిలబడ్డ సున్నా సారును పిలిచింది.

"సార్, నేను చేసింది తనకు తెలిసింది. గంటన్నర కోశానని ఇంట్లో అత్తయ్యకు చెప్పాను. తన దాకా వెళ్ళింది. ఆ తరవాతే తను గంటన్నరకు మార్చాడు."

సున్నా సారు ప్రచార విభాగం ఆవిడను కాసేపు బయట కూర్చోమన్నారు. అవునా అని కొడుకును అడిగారు. అతను తలూపాడు. ఆయన కోప్పడలేదు. షీట్లు రెండూ తీసుకుని, ఇక మీరిద్దరూ దీన్ని ముట్టుకోకండి అన్నారు. వేరే విశ్వవిద్యాలయంలో ఎవరినైనా మొదటి నుంచి చెయ్యమని అడగాలి, ఏడాది పట్టొచ్చు, అప్పటిదాకా ఇది సున్నా. ఉద్యోగం సంగతి కొడుకు అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

అతను ఆమె కోసం ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళేసరికి అత్తగారికి సంగతంతా తెలిసిపోయింది. పొయ్యి దగ్గర అటు తిరిగే నిలబడి, "నా నోరు కుట్టేసుకోవాలమ్మా" అంది. మీ తప్పేం లేదత్తయ్యా, మీకు చెప్పింది నేనే కదా అంది కోడలు. ఆవిడ వినిపించుకోలేదు. పొయ్యి కట్టేశాక కూడా గరిటె తిప్పుతూనే ఉంది.

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు ఎవరి వైపూ చూడకుండా, "ఇంతకీ అక్కడ ప్రాణమున్నట్టా, లేనట్టా?" అంది.

తెలియదత్తయ్యా అనబోయింది కోడలు.

"అరగంట కోస్తే లేదమ్మా" అన్నాడు కొడుకు. "గంటన్నర కోస్తేనే ఉంది."

కోడలు ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. పెద్ద తేడా లేదన్నావుగా అనలేదు.

"అసలేమీ లేదా?" అంది.

"చదునుగా ఉంది. నీ కోత ఎలా ఉందో తెలిశాక, నాదే తప్పు అనుకున్నాను. అనుకోవాలనిపించింది."

"ఆ గీత ఉంచావా?"

"ఉంచాను."

"రేపు సారుకు ఇవ్వు."

"ఇస్తే నీ గీతా పోతుంది" అన్నాడతను. "గంటన్నర ఎందుకు కోశావని నిన్నూ అడుగుతారు. కావలసింది కనిపించే దాకా కోసుకుంటూ పోయావంటారు."

ఆమె గంటన్నర ఎందుకు కోసిందో తన కారణాలు తనకున్నాయి. ఇన్నాళ్ళూ వాటిని గట్టిగానే నమ్మింది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంటే, ఏది ముందు వచ్చిందో, కారణమో గీత పైకి లేవడమో, ఖాయంగా చెప్పలేకపోయింది.

"అడగనీ" అంది చివరికి. "ఏదీ, చూపించు."

అతను చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెచ్చి, పళ్ళేలు పక్కకు జరిపి, తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

అత్తగారు తినడం సగంలో ఆపి లేచింది. చెయ్యి కడుక్కుని, వాళ్ళ మాటలేవీ తన చెవిన పడకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.