లింగన్న వేళ్ళు

ఆదివారం చర్చి నుంచి రాగానే ఎబెనేజర్ తెల్లచొక్కా విప్పి తలుపు వెనక తగిలిస్తాడు. నూనె మరకల టీషర్టు తొడుక్కుని ఇంటి వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళిపోతాడు. బీరంగూడలో ఆ గల్లీ వాళ్ళందరికీ ఆ షెడ్డు తెలుసు. ఎవరైనా పాత కంప్యూటర్ డబ్బా తెస్తే దాని పక్క రేకు కోసి అక్రిలిక్ అద్దం బిగిస్తాడు. పైరేకులో గుండ్రంగా కోసి పెద్ద ఫ్యాను కూర్చోబెడతాడు. లోపలి తీగలన్నీ కంటపడకుండా వెనక్కి సర్దుతాడు. మిగతా రోజులన్నీ పటాన్‌చెరులో, రేకుల్ని అచ్చుల్లో నొక్కే ఒక ప్రెస్ ఫ్యాక్టరీలో కరెంటు మెయింటెనెన్స్ పని. అక్కడ రేకు పనంతా మిషన్లదే. అందుకే వారానికి ఒక్క పూటైనా రేకును తన చేత్తో కొయ్యాలని అతని ఆశ. కోసిన అంచును ఆకురాయితో రుద్ది రుద్ది, వేలితో నిమిరినా గీసుకోనంత నున్నగా అయ్యేదాకా వదలడు.

మొదట్లో ఇదంతా సరదాకే చేసేవాడు. లింగన్న వేళ్ళు పోయినప్పటి నుంచి మాత్రం చేతికి ఏదో ఒక పని లేకపోతే కూర్చోలేకపోతున్నాడు.

లింగం ఆ ఫ్యాక్టరీలోనే ప్రెస్ ఆపరేటర్. ఎబెనేజర్ కన్నా వయసులో పెద్ద. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే చోట అన్నం. పోయిన వానాకాలం ఒక పొద్దున, వంకరగా పడ్డ రేకును సర్దడానికి లింగం చెయ్యి పెట్టినప్పుడే ప్రెస్ దిగింది. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

గాయం మానాక, లేని వేళ్ళు మళ్ళీ పనిలో పడ్డాయి. కంటికి కనిపించవు, అంతే. హోటల్లో చాయ్ గ్లాసు అతని అరచేతికి కాస్త ముందు గాలిలో నిలబడుతుంది. చొక్కా గుండీలు వాటంతటవే కాజాల్లోకి దూరతాయి. అన్నానికి కూర్చునేటప్పుడు భార్య అరుణమ్మ, "గా వేళ్ళు గూడ కడుక్కో," అంటుంది. చెంబుతో నీళ్ళు పోస్తే ఏమీ లేని చోట పాయలు పాయలుగా చీలి కిందికి జారతాయి. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఫ్యాక్టరీ డాక్టరు మాత్రం కనిపించినవే రాయాలి గనక వేళ్ళు లేవని రాశాడు. లింగం పని పోయింది.

తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ ప్రెస్ చూశారు. దాని ముందు ఒక సెన్సర్ ఉంటుంది. చెయ్యి అడ్డం వస్తే చాలు, మిషన్ను ఆపేస్తుంది. వాళ్ళు చూసినప్పుడు సెన్సర్ బాగానే పని చేసింది. లింగమే పక్క సందులోంచి చెయ్యి దూర్చి ఉంటాడని తేల్చి వెళ్ళిపోయారు.

ఏం జరిగిందో ఎబెనేజర్‌కు తెలుసు. దుమ్ము పట్టి సెన్సర్ మాటిమాటికీ మిషన్ను ఆపేస్తోందని, ప్రమాదానికి ముందు ఒకరోజు షిఫ్టు ఇన్‌ఛార్జ్ భీమశంకరం అతన్ని పిలిచాడు. మిషన్ పక్కనున్న కరెంటు పెట్టె తెరిచి, చిన్న తీగ ముక్క కలిపి, సెన్సర్ మాట మిషన్‌కు చేరకుండా చేసింది ఎబెనేజరే. లింగాన్ని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తుండగా, నేల మీద నెత్తురు తడి ఆరకముందే, ఆ తీగ పీకి జేబులో వేసుకున్నదీ అతనే.

అప్పటి నుంచి చర్చిలో ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం వస్తే, రొట్టె, ద్రాక్షరసం తనదాకా రాకముందే లేచి బయటికి పోతాడు. అక్కడ బండ్లు వరసగా సర్దుతూ నిలబడతాడు. భార్య జయశీల కొన్నాళ్ళు చూసి, "కడుపుల మంచిగ లేదా?" అని అడిగింది. అవునన్నాడు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం లింగమే ఆ షెడ్డు ముందు ఆటో దిగాడు. వెనకే కూతురు నిషిత, నల్లటి కంప్యూటర్ డబ్బాను ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుని దిగింది.

"తమ్మీ, నువ్వు గివి మంచిగ చేస్తవని అందరు చెప్పవట్టిరి. జెర సూడరాదు," అన్నాడు లింగం.

నిషిత పాలిటెక్నిక్ చదివింది. "కొల్లూర్ల మాది అన్నిటికన్న పై అంతస్తుల ఇల్లు కాకా. పగటీలి అయితే డబ్బా లోపట కాలిపోతది. డ్రాయింగ్ సగంల ఉండంగనే బంద్ అయితది," అంది. సుల్తాన్‌పూర్‌లో ఆసుపత్రి సామాన్లు చేసే ఒక కంపెనీకి ఆమె డిజైన్ పంపాలి. వేళ్ళు లేనివాళ్ళు పట్టుకోగలిగే చెంచా. పిడి ఎలా ఉండాలో నాన్న చేతి మీదే కొలతలు తీసింది. అది నచ్చితే పనిలోకి తీసుకుంటారు.

తీరిక లేదని చెప్పాలనుకున్నాడు ఎబెనేజర్. లింగం కుడిచెయ్యి డబ్బా మీద ఉంది. "చేస్త అన్నా," అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం లింగం వచ్చి షెడ్డులో పీట మీద కూర్చునేవాడు. ఎబెనేజర్ పైరేకు మీద మాస్కింగ్ టేపు అంటించి, స్టీలు పళ్ళెం బోర్లించి గుండ్రంగా గీశాడు. గీత మీద డ్రిల్లుతో చిన్న రంధ్రం చేసి, అందులో జిగ్‌సా బ్లేడు దూర్చి నెమ్మదిగా తిప్పుకుంటూ కోశాడు. రేకు అరుపుకు గల్లీలో కుక్కలు లేచి వెళ్ళిపోయాయి. కోసిన ముక్క ఠంగున కింద పడింది. ఆపైన అంచును రుద్దడం మొదలుపెట్టాడు.

"ఎంత రుద్దుతవు తమ్మీ. రేకు అరిగిపోతది," అన్నాడు లింగం.

"చేతికి గీసుకుంటది అన్నా."

"గీసుకుంటే గీసుకుంటది. రేకన్నంక."

ఎబెనేజర్ తల ఎత్తకుండా రుద్దుతూనే ఉన్నాడు.

మదర్‌బోర్డ్ వెనక సందులో నట్లు బిగించేటప్పుడు చిక్కొచ్చింది. అక్కడ చెయ్యి పట్టదు. లింగం లేచి వచ్చి అరచేతిని సందుకు ఆనించాడు. నట్టు గాలిలో తేలి, రంధ్రం దగ్గర కదలకుండా నిలబడింది. ఎబెనేజర్ ఇవతలి నుంచి స్క్రూ తిప్పాడు. ఒకసారి స్క్రూడ్రైవర్ జారి, అతని వేలు లింగానికి లేని వేలికి తగిలింది. వెచ్చగా ఉంది. కొస దగ్గర కాయ కాచిన గరుకుదనం అలాగే ఉంది. నీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికి వెళ్ళి, కుళాయి కింద తల పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

మధ్యాహ్నం జయశీల ఇద్దరికీ అన్నం పెట్టేది. లింగం మాంసం కూర బాగుందని అడిగి వేయించుకునేవాడు. ఎబెనేజర్ సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని షెడ్డులోకి పోయేవాడు.

ఆఖరి ఆదివారానికి రంగు ఆరింది, అద్దం బిగిసింది. ఫ్యాను తీగ ఒక్కటే మిగిలింది. అది పొట్టిగా ఉండడంతో ఇంకో ముక్క అతకాల్సి వచ్చింది. లింగం లేని వేళ్ళతో రెండు కొసలూ దగ్గరగా పట్టుకున్నాడు. ఎబెనేజర్‌కు పని నేర్చుకున్ననాటి నుంచీ ఒక అలవాటు. తీగను అందరిలా కుడికి కాకుండా ఎడమకు మెలిపెట్టి, కొసను వెనక్కి మడిచి, గోటితో ఒక్క నొక్కు నొక్కుతాడు. ఇప్పుడూ అలాగే చేశాడు.

లింగం చెయ్యి తీయలేదు. లేని వేళ్ళు ఆ మెలిని తడుముతున్నట్టు తీగ సన్నగా కదిలింది.

"గీ మెలి నా వేళ్ళకు ఎరుకే," అన్నాడు.

ఎబెనేజర్ తీగ వదిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తెగినంక అవి నా తోటి దవాఖానకు రాలే తమ్మీ. మిషన్ల్నే ఉండిపోయినయ్. ఎట్ల దిగింది, ఎందుకు దిగింది అని అంత తడుముకున్నయ్. పక్క పెట్టెల గిట్లాంటి మెలి తాకిందట వాటికి. నా దగ్గరికి వచ్చినంక నాకు ఎరుకైంది. ఎవల చెయ్యో తెల్వలే గిన్నొద్దులు."

"నాదే అన్నా," అన్నాడు ఎబెనేజర్. "భీమశంకరం సారు పెట్టమన్నడు. గని చెయ్యి నాదే. నిన్ను తీస్కపోంగనే తీసేసింది గూడ నేనే."

చాయ్ గ్లాసులతో వచ్చిన జయశీల గుమ్మంలోనే ఆగిపోయింది.

"గిప్పుడు గా ప్రెస్ మీద ఎవలున్నరు?" అని అడిగాడు లింగం.

"మహేష్."

"తీగ ఉన్నదా?"

ఎబెనేజర్ నేల చూశాడు. "ఉన్నది. తనిఖీ వాళ్ళు పోయినంక మళ్ళ పెట్టమన్నడు. పెట్టిన."

లింగం లేచాడు. అతను పట్టుకున్న మెలి విడిపోయి, తీగ కొసలు డబ్బా లోపలికి జారిపోయాయి. "నా వేళ్ళు పొయ్యేది నువ్వు కండ్లార సూసినవ్. సూసినంక గూడ పెట్టినవ్," అన్నాడు. గొంతు పెంచలేదు. జయశీల పక్కకు జరిగి దారి ఇచ్చింది. అతను చాయ్ తాగకుండా రోడ్డెక్కాడు.

జయశీల గ్లాసులు కింద పెట్టి, "రేపు పొద్దుగాల పోంగనే తీసెయ్," అంది.

సోమవారం ఫ్యాక్టరీకి వెళ్ళగానే ఎబెనేజర్ స్క్రూడ్రైవర్ తీసుకుని నేరుగా ప్రెస్ దగ్గరికి నడిచాడు. భీమశంకరం ఎదురొచ్చి, ఎందుకని అడిగాడు. విని, "ఇయ్యాల లోడు పోవాలె ఎబెనేజర్. సాయంత్రం తియ్. ఒక్క పూటల ఏం మునుగుతది," అని అతని భుజం తట్టి వెళ్ళాడు.

కాదు, ఇప్పుడే తీస్తానని ఎబెనేజర్ అనలేకపోయాడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మహేష్ మిషన్ నడపడం మొదలుపెట్టాడు. ప్రెస్ దిగుతోంది, లేస్తోంది. దిగిన ప్రతిసారీ ఎబెనేజర్ కాళ్ళ కింద నేల అదిరింది. సాయంత్రం దాకా ఇలాగే నిలబడి చూస్తానేమోనని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెయ్యి కదల్లేదు.

ఇంతలో ఒక రేకు వంకరగా పడింది. మహేష్ దాన్ని సర్దడానికి చెయ్యి పెట్టాడు. పైనుంచి ప్రెస్ దిగుతోంది.

మధ్యలో ఆగిపోయింది. మహేష్ మణికట్టుకు బెత్తెడు పైన, ఉన్నచోటనే నిలిచిపోయింది. ఎర్రదీపం వెలిగింది. మహేష్ చెయ్యి బయటికి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, కింద కూర్చుండిపోయాడు.

ఎబెనేజర్ పెట్టె తెరిచాడు. లోపల తీగ మెలి విడిపోయి ఉంది. కొస ఇంకా కదులుతోంది. కంటికి కనపడని వేళ్ళు చివరి చుట్టు కూడా విప్పి, తీగను బయటికి తెచ్చి, అతని ముందు గాలిలో పట్టుకుని నిలబడ్డాయి. ఎబెనేజర్ అరచెయ్యి చాపాడు. తీగ అందులో పడింది. దానితోపాటు గరుకు కొసలు అతని చేతికి ఒకసారి తగిలి వెనక్కి వెళ్ళిపోయాయి.

చప్పుడు ఆగడంతో భీమశంకరం పరుగున వచ్చాడు. "మళ్ళ పెట్టు," అన్నాడు.

"పెట్టను సార్."

భీమశంకరం తీగ లాక్కుని తానే పెట్టెలో చెయ్యి పెట్టబోయాడు. ఎవరో పట్టుకున్నట్టు చెయ్యి మధ్యలోనే ఆగింది. కాసేపు గింజుకుని వెనక్కి తీసుకున్నాడు. ఆ పట్టు ఎవరిదో ఆయనకూ తెలుసు. తీగ కింద పడేసి, ఎవరి మొహమూ చూడకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఎబెనేజర్ తీగను తీసి జేబులో పెట్టుకుని గేటు దాటాడు.

ఇంటికి వెళ్ళి ఫ్యాను తీగ మళ్ళీ అతికాడు. డబ్బాను బండి ముందు పెట్టుకుని కొల్లూరు వెళ్ళాడు. నిషిత తలుపు తీసింది. ఎప్పుడూ కాకా అని పిలిచే పిల్ల, "అక్కడ పెట్టుండ్రి," అంది. అతను పెట్టాడు.

లింగం గోడకు ఆనుకుని కూర్చుని ఎడమచేత్తో చాయ్ తాగుతున్నాడు. కుడిచెయ్యి మోకాలి మీద ఊరికే ఉంది. పొద్దున జరిగింది ఎబెనేజర్ చెప్పాడు.

"నిన్న మీ ఇంటి నుంచి పొయ్యేటప్పుడు కంపెనీ గేటు దాకా పోయిన," అన్నాడు లింగం. "వేళ్ళకు లోపటికి పొమ్మని చెప్పిన. పోయినయ్."

"మళ్ళ వస్తయా అన్నా?"

"రావు. ఆడ కావలి ఉండాలె గద. గీ ఒక్కనాటితోని అయిపోతదా."

ఎబెనేజర్ కిందికి చూస్తూ నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నిన్ను మాఫ్ చేసిన్నని మనసుల పెట్టుకోకు," అన్నాడు లింగం. "మాఫ్ చేస్తే నువ్వు ఇంటికి పొయ్యి నిమ్మలంగ పంటవు."

"సంగారెడ్డికి పోతున్న అన్నా. తనిఖీ ఆఫీసర్ దగ్గర అంత చెప్త. తీగ నా తాననే ఉన్నది. నౌకరి పోతే పోనీ, కేసయితే కానీ. నువ్వు పక్కన ఉంటే గంత చెప్పగల్గుత. ఒక్కణ్ణే పోతే దార్ల మనసు మార్చుకుంటనేమో అని భయమైతున్నది."

లింగం చాయ్ పూర్తి చేసి లేచాడు. ఉతికిన చొక్కా భుజాల మీద వేసుకున్నాడు. గుండీలు వాటంతటవి పడలేదు. అరుణమ్మ వంటింట్లోంచి వచ్చి, ఎబెనేజర్ వైపు చూడకుండా, భర్త చొక్కాకు ఒక్కొక్క గుండీ పెట్టింది. లోపలి గదిలో నిషిత కంప్యూటర్ వేసింది. ఫ్యాను పెద్దగా చప్పుడు లేకుండా తిరగసాగింది.

హైవే మీద లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. లింగం బండి వెనక కూర్చుని కుడిచెయ్యి ఎబెనేజర్ భుజం మీద వేశాడు. పట్టుకోవడానికి బొటనవేలు ఒక్కటే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా అరచెయ్యి జారిపోతోంది. ఎబెనేజర్ బండి నెమ్మది చేశాడు. జారిన ప్రతిసారీ లింగం ఆ చేతిని తెచ్చి మళ్ళీ అదే భుజం మీద వేశాడు.