మధ్యన గోడ ఉన్న సున్నపుడబ్బీ

గోదారికి పెద్ద వరదొచ్చిన ఏడు జరిగిందిది. నేను ఒక ఇత్తడి సున్నపుడబ్బీని. బొటనవేలంత ఉంటాను. రెండు కొసలా రెండు మూతలు, మధ్యన గోడ. ఒక పక్క సున్నం, రెండో పక్క పొగాకు. ఆ రెండూ కలవకూడదని నన్ను చేసిన కంచరి గోడ పెట్టాడు. తెలివిగలవాడు.

ఆకివీడు సుందరమ్మ చచ్చేదాకా నన్ను బొడ్డున దోపుకుంది. చేపల బేరంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. "ఐసులో పెడితే చచ్చిన చేపకి కూడా కళ్ళు మెరుస్తాయిరా. మొప్ప ఎత్తి రంగు చూడండి" అనేది, కొడుకు ఏసుపాదంతోనూ, కోడలి తమ్ముడు దానియేలుతోనూ.

ఆవిడ పోయాక ఏసుపాదం జేబులోకి వచ్చాను. అతను లారీ డ్రైవరు. చేపల మీద ఐసు కొట్టించుకుని కలకత్తా తోలతాడు. దానియేలు మారు డ్రైవరు. ఏసుపాదం ఆకు వెయ్యడు కాబట్టి నా గదులు కొన్నాళ్ళు ఖాళీ. ఆ తర్వాత అతనికి నడుం పట్టేసింది. దాబా దగ్గర ఎవరో నల్లమందు ఇచ్చారు. అది పొగాకు గదిలో చేరింది. దానికి నిద్రొస్తుంది. ఐసు కరుగుతుంటే నిద్రేంటి? అందుకని నిద్ర రాకుండా చేసే బిళ్ళలు, ఏ డాక్టరు ఎవరికి రాసినవో, సున్నం గదిలో చేరాయి.

"ఒకటి లేపుద్ది, ఒకటి పడుకోబెడుద్ది. రెండూ ఏసుకుంటే సమానం" అనేవాడు.

"తక్కెట్లో తూచావేంటి బావా?"

"నువ్వు నోరుమూసుకుని టైర్లు చూడు."

మనుషులు భలేవాళ్ళు. గోడ నాలో ఉంది, వాళ్ళ కడుపులో లేదు.

ఆ ఏడు గోదారి రోడ్లు తెంపేసింది. నీరు తీసి బళ్ళు వదిలేసరికి ఐసు సగం నీళ్ళయిపోయింది. ఏసుపాదం ఇక స్టీరింగు వదల్లేదు. పొద్దున్నే బిళ్ళలు మింగాడు. నడుం లాగితే నల్లమందు వేసుకున్నాడు. బిళ్ళల జోరులో అది ఎక్కిన సంగతే తెలియలేదు.

"నాసిరకం సరుకురా, పన్జెయ్యట్లా" అని ఇంకో ఉండ. కాసేపాగి ఇంకోటి. అన్నిసార్లు మూత తియ్యడం నాకు నచ్చలేదు. నచ్చకపోతే ఇత్తడి ఏం చేస్తుంది? నా పక్కనే అతని గుండె, బెదిరిన గుర్రంలా పరిగెడుతోంది.

శ్రీకాకుళం దాటాక, మధ్యాహ్నం వాలే వేళ, బిళ్ళల జోరు దిగింది. ఏసుపాదం రెప్పలు పడిపోతుంటే బండి దానియేలుకిచ్చి పక్క సీట్లో ఒరిగాడు.

"హమ్మయ్య, పడుకున్నాడు మహానుభావుడు" అనుకున్నాడు దానియేలు. గురక గట్టిగా వచ్చింది. అది నిద్ర కాదని నాకు తెలుసు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య రోడ్డు మలుపు దాటిపోతోంది.

గురక ఆగింది. దానియేలు తిరిగి చూశాడు. సగం తెరిచిన కళ్ళు మెరుస్తున్నాయి.

"మెలకువగానే ఉన్నావా బావా?"

దానియేలుకి సుందరమ్మ మాట గుర్తొచ్చిందేమో, లారీ పక్కకి తీసి, బావ పెదవి ఎత్తి చూశాడు. నీలం. గోళ్ళు కూడా నీలమే.

దగ్గరి ఊళ్ళో ఆసుపత్రిలో ఓ డాక్టరమ్మ ఉంది. రబ్బరు బుడగతో ఊపిరి ఆడిస్తూనే, "ఏం తిన్నాడు?" అంది.

"అన్నమేనండి."

"నిజం చెప్పు. తెలియకుండా నేనేం మందు వెయ్యను?"

చెబితే పోలీసులొస్తారు, లైసెన్సు పోతుంది. చెప్పకపోతే అక్క ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? దానియేలు బావ జేబులోంచి నన్ను తీసి, రెండు మూతలూ తెరిచి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ చూసింది. సూది వేసింది. కాసేపటికి ఏసుపాదం ఛాతీ తనంతట తాను లేచింది.

"ఆ బిళ్ళలు దానికి విరుగుడు కాదాండి?"

"కాదయ్యా. మత్తుని దాస్తాయంతే. ఎక్కలేదనుకుని ఇంకా మింగుతాడు. బిళ్ళ ముందు దిగిపోతుంది, నల్లమందు ఉండిపోయి ఊపిరి ఆపుతుంది. ఈలోపు గుండె నలిగిపోతుంది. ఈ సూది మందు దిగాక మళ్ళీ మత్తులో మునిగిపోవచ్చు. పక్కనే కూర్చో, కదలనివ్వకు."

"అయితే ఐసులో చేపేనండి" అన్నాడు దానియేలు. ఆవిడకి అర్థం కాలేదు.

తెల్లారింది. ఏసుపాదం కళ్ళు తెరవగానే, "చేపలు?" అన్నాడు.

"కంపు కొడుతున్నాయి. నువ్వు కొట్టట్లేదు. అదే చాలు."

డాక్టరమ్మ వచ్చినప్పుడు ఏసుపాదం నాలో మిగిలినవన్నీ ఆవిడ ముందు దులిపేశాడు. "నడుం నొప్పండమ్మా. దానికేదైనా చూడండి" అన్నాడు. ఆ ఒక్క మాటా ఏ డాక్టరుకీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. తర్వాత గోడ పట్టుకుని కుళాయి దాకా నడిచాడు. ఇసకేసి నన్ను రెండు గదులూ తోమాడు. వాసన చూసి, మళ్ళీ తోమాడు. వచ్చి మంచమెక్కి, లారీ తాళాలు దానియేలు ఒళ్ళో పడేశాడు.

"ఇక పక్క సీటే నాది. కాసేపు పడుకుంటాన్రా."

"పడుకో. మధ్యమధ్యన పెదవి ఎత్తి చూస్తుంటాలే."

"చెయ్యి కడుక్కుని చూడు, చేపల కంపు" అని నన్ను గుప్పిట్లో పట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.