మూడో పిడికెడు మట్టి

తలుపులమ్మ తట్టలోకి మట్టితోపాటు నీలం ప్లాస్టిక్ గాజు ఒకటి వచ్చింది. చిన్న పిల్ల చేతికి పట్టే గాజు. దాని పక్కనే సన్నటి ఎముక. తట్ట ఎత్తబోతున్న తలుపులమ్మ ఎత్తలేక గోతిలోనే కూర్చుండిపోయింది. తుఫాను వచ్చిన ఏడు తన కూతురు పావనిని ఈ దిబ్బ మీద పడుకోబెట్టినప్పుడు ఆ గాజు తియ్యడానికి చేతులు రాలేదు. ఇప్పుడు కూలికొచ్చి, ఆ చోటేనని తెలీక, ఆ చేతులతోనే తవ్వి పోసింది.

"ఏంటమ్మా, ఆగిపోయారు?" అన్నాడు గట్టు మీంచి సర్వే ఆఫీసరు గోపాలకృష్ణమూర్తి.

ఆమె గాజు ఎత్తి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఇది ఈమధ్యదేనమ్మా. పక్కన పారబొయ్యండి."

"ఇది నా కూతురండి."

ఆయన మొహం తిప్పుకున్నాడు. కసాయివాడేం కాదు, ఉద్యోగస్తుడు. "రెండువేల ఏళ్ళనాటిదైతే నేనే తాడు కట్టి కాపలా పెట్టేవాణ్ణి. వీటికి రూలు లేదమ్మా" అన్నాడు.

సముద్రం దగ్గర తీసిన గ్యాసుని ఉత్తరాదికి తోడుకుపోయే పైపు ఈ దిబ్బ మీదుగా పోతుందట. పేటలో పొయ్యిలోకి పుల్లలేరుకునే వాళ్ళు అలాగే ఏరుకుంటారు, అది వేరే సంగతి. పైపు వేసేముందు నేలలో పాతకాలపు గుర్తులున్నాయేమో తవ్వి చూడాలి. ఉంటే పైపు పక్కకి జరగాలి. పక్కనున్నవి దొరబాబు రొయ్యల చెరువులు. అందుకే ఆ ఆసామి రోజూ వచ్చి, పాలేరు చేత గొడుగు పట్టించుకుని గట్టు మీద నిలబడుతున్నాడు.

ఆ లంకల్లో రెండడుగులు తవ్వితే నీళ్ళు. చెరువులొచ్చాక అవీ ఉప్పునీళ్ళు. దిబ్బపేట కూలీలకి తమవాళ్ళని పొడినేలలో దాచుకునే చోటు ఇదొక్కటే. తుఫానులో మిగిలినవాళ్ళు ప్రాణాలు దక్కించుకుందీ ఈ దిబ్బ ఎక్కే.

"పోయినోళ్ళ కోసం ఉన్నోళ్ళ కూలి చెడగొడతావేంటే? తట్టెత్తు" అన్నాడు దొరబాబు.

తలుపులమ్మ ఎత్తలేదు. ఆమె ముఠాలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పారలు కింద పడేసి గోతిలోంచి పైకొచ్చేశారు.

సాయంత్రం కమ్యూనిటీ హాలు అరుగు మీద పేటంతా కూడింది. "ఇన్నాళ్ళు తవ్వారు గదా, పాతవేవీ తగల్లేదా?" అని కూలీ సంఘం పెద్దిరాజు అడిగాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి వీరమ్మ నోరు విప్పింది.

"తగిలాయి బావా. ఇంతలేసి కుండమూతులు, జానెడు మందం ఇటుకలు. తట్ట అడుగున పెట్టి, పట్టుకెళ్ళి బోదికాలవలో పారేశాం."

"ఎందుకలా చేశారు?"

"పక్కూళ్ళో రాతిబొమ్మ దొరికితే గవర్నమెంటోళ్ళు కంచె కట్టి ఊరోళ్ళని అడుగెట్టనిచ్చారా? ఇక్కడా కట్టేత్తారనుకున్నాం."

"ఆడాళ్ళ తెలివి అలాగే ఏడుత్తాది" అన్నాడెవడో వెనకనించి.

తలుపులమ్మ లేచి నిలబడింది. "కంచె కట్టినా దిబ్బ మనది కాదు, పైపేసినా మనది కాదు. మనకి మేలు చేసే రూలు ఒక్కటి చూపించరా. అప్పుడు తిడుదువుగాని."

"కంచె కట్టినా దిబ్బ మిగులుద్ది. ఆ పారేసినవే ఏరి తెచ్చి చూపిద్దాం" అన్నాడు పెద్దిరాజు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తెల్లారి అందరూ బోదిలో దిగి దేవులాడారు. దొరికిన ముక్కలన్నీ కడిగి తెచ్చి ఆఫీసరు ముందు పోశారు. ఒక కుండమూతి చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం వెలిగిపోయింది. దొరబాబు గొంతు సవరించుకున్నాడు. ఆ వెలుగు ఆరిపోయింది.

"నేలలో ఉండగా నేను చూడలేదు గదండి. ఎక్కణ్ణించి తెచ్చారంటే నేనేం చెప్పను? ఇవి లెక్కలోకి రావు. ఏమీ లేవని నిన్న సాయంత్రమే రిపోర్టు కూడా వెళ్ళిపోయింది."

తలుపులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "పాతవి లెక్కలోకి రావు, కొత్తవీ లెక్కలోకి రావు. మా పిల్ల మీ లెక్కలోకి రావాలంటే ఇంకెన్నేళ్ళు ఇక్కడ పడుకోవాలండి?"

ఆఫీసరు కుండమూతిని తిరిగి కుప్ప మీద పెట్టేశాడు. ఆయన వెనక పొక్లెయిను గుర్రుమంటూ దిబ్బ ఎక్కుతోంది.

ఆమె గోతిలోకి దిగింది. కొంగులో కట్టుకొచ్చిన ఎముకని, గాజుని ఎక్కడివక్కడ పెట్టి పైకొచ్చింది. ఆ పేటలో చావుకి వచ్చినవాళ్ళందరూ మూడేసి పిడికెళ్ళ మట్టి వెయ్యాలి. పోయింది పిల్లలైతే తల్లి వేసే మూడో పిడికెడు అన్నిటికంటే ఆఖరిది. అది పడేదాకా అక్కణ్ణించి ఎవరూ కదలకూడదు. తలుపులమ్మ ఒక పిడికెడు వేసింది. రెండోది వేసింది. మూడోది చేతిలో ఉంచుకుని పక్కకి జరిగి నిలబడింది.

వీరమ్మ వేసింది. పెద్దిరాజు వేశాడు. నిన్న వెనకనించి మాటన్నవాడూ వేశాడు. పేటంతా గట్టు పొడుగునా వరస కట్టింది. సర్కారు డబ్బుతో తవ్వించిన గొయ్యి పిడికెళ్ళతో పూడిపోతోంది. పొక్లెయిను డ్రైవరు కాసేపు చూసి, ఇంజను ఆపేసి దిగాడు. "మట్టి చేత్తన్నారండి. ఇప్పుడు బండి నడపకూడదు" అని దొరబాబుకి చెప్పి, తనూ వరస చివర నిలబడ్డాడు.

దొరబాబు కబురు పెడితే పోలీసు జీపు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇలాంటివాటికి ఎప్పుడూ పట్టదు. గవర్నమెంటు పనికి అడ్డమొచ్చారని ఇనస్పెక్టరు తలుపులమ్మనీ పెద్దిరాజునీ జీపెక్కించమన్నాడు. లాఠీలు లేచాయి, ఇద్దరు ముసలాళ్ళు కింద పడ్డారు, వరస మాత్రం చెదరలేదు.

"ఏంటే ఆ చేతిలో?" అన్నాడు కానిస్టేబులు, ఆమె వేళ్ళు విడదియ్యబోతూ.

"మట్టండి. నా పిల్లది."

అతను చెయ్యి వదిలేశాడు.

జీపు కదలబోతుంటే తలుపులమ్మ బయటికి వంగి ఆ మట్టిని వీరమ్మ దోసిట్లో పోసింది. "ఇది వెయ్యకు వదినా. నేనొచ్చి వేత్తాను. అందాకా మట్టి చెయ్యడం అవ్వనట్టే."

జీపు వెళ్ళిపోయింది. వీరమ్మ పిడికిలి బిగించి గోతి అంచున కూర్చుంది. ఆమె వెనక పేటంతా కూర్చుంది. కబురు అందుకుని చుట్టుపక్కల పేటల వరి ఊడ్పు ముఠాలు చేలగట్ల మీద బారులు తీరి వచ్చాయి. ఒక్కొక్కరి కొంగులోనూ వాళ్ళ వాళ్ళ దిబ్బల మట్టి ఉంది.

పొద్దు నడినెత్తికొచ్చింది. దొరబాబుకి గొడుగు పట్టిన పాలేరు గొడుగు మడిచి యజమాని చేతిలో పెట్టి, వెళ్ళి వరసలో కూర్చున్నాడు.

"ఎంతసేపే ఇలాగ?" అన్నాడు దొరబాబు.

వీరమ్మ తలెత్తి చూసింది.

"పిల్ల తల్లి వచ్చేదాకానండి."