పడవ నీళ్ళు తాగే దాకా

చేతులు పోతాయని డాక్టరమ్మ చెప్పినప్పుడు మా తమ్ముడు లయల్ అడిగిన మొదటి ప్రశ్న, "చుక్కాని పట్టుకోవడానికి ఎన్నాళ్ళు పనికొస్తాయండీ?" అని. ఆవిడ తెల్లబోయింది. నాకు ఒళ్ళు మండింది. ఎన్నాళ్ళు బతుకుతానని అడగాల్సిన మనిషి చుక్కాని సంగతి అడుగుతాడా! నరాల జబ్బు. ముందు వేళ్ళు, తరువాత చేతులు, ఆఖరికి ఊపిరి. యాపిల్ కోతల దాకా వేళ్ళు మాట వింటే గొప్పే అందావిడ.

హ్యూన్ నది మీద మా తాత యాపిల్ పెట్టెలు మోసిన తెరచాప పడవ మేం పుట్టకముందే కుళ్ళిపోయింది. దాని నక్షాలు మాత్రం మిగిలాయి. గోధుమరంగుకి తిరిగిన కాగితాలు, ఒక మూల ఎలుకలు కొట్టేశాయి. పెళ్ళాం వదిలేసి వెళ్ళాక లయల్ వాటిని తీసి, షెడ్డు నేల మీద పడవంత పెద్దగా గీసుకున్నాడు. ఆ గీతల మీద అడుగు పడితే అక్కనని కూడా చూసేవాడు కాదు, కసిరేవాడు. అలాంటి పడవే కట్టాలని మొదలైన పని పదేళ్ళు దాటినా తెమల్లేదు.

రాగి మేకు దిగాలంటే ఇద్దరు కావాలి. బయటి మనిషి మేకు తలకి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, లోపలి మనిషి కొసకి బిళ్ళ తొడిగి అణగ్గొట్టాలి. దిమ్మ నాది, సుత్తి వాడిది. పలకకి చెరోపక్కా ఉండి, మొహాలు చూసుకోకుండానే ఇన్నేళ్ళూ పోట్లాడుకున్నాం.

"గట్టిగా ఆనించక్కా, నిద్రపోయావా ఏంటి?"

"నిద్రెక్కడిదిరా! నీ మోతకి స్మశానంలో వాళ్ళు కూడా లేచి కూర్చున్నారు."

ఆఖరి చలికాలంలో సుత్తి దెబ్బ నా దిమ్మకి తెలియడం మానేసింది. నేను దిమ్మని ఇంకా గట్టిగా ఆనించాను. వేళ్ళు కొయ్యబారకుండా వాడు షెడ్డులో పొయ్యి రాత్రింబవళ్ళు మండించాడు. ఆ వేడికి పైన్ పలకలు ఎండిపోయి, సందులు నోళ్ళు తెరిచాయి.

క్లారీ వచ్చి సందులో గోరు దూర్చి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక పడవలు తప్ప ఇంకోటి కట్టని ముసలాడు. "ఏంట్రా ఇది, ఎండుచేపని చేసిపెట్టావు! సర్లే, నీళ్ళలో దించి మునగనీ. రెండు మూడు వారాలు నీళ్ళు తాగితే పలకలుబ్బి అవే మూసుకుంటాయి."

ఇది మా ఒడ్డున పసిపిల్లలకి కూడా తెలుసు. కొత్త చెక్క పడవని దించి, అది సగం మునుగుతుంటే మేం టీ తాగి ఇళ్ళకి పోతాం. ఎవరూ కంగారుపడరు. పలక ఉబ్బడానికి చోటుండాలి కాబట్టి సందుల్లో నూలూ, మెత్తటి పుట్టీ తప్ప ఇంకేమీ పెట్టరు.

"మూడు వారాలు నా దగ్గరెక్కడున్నాయి?" అన్నాడు లయల్. "జిగురు పోసేద్దాం. రెండు డబ్బాలు కలిపితే రాయిలా గట్టిపడుతుందే, అది."

"నీకేమన్నా పిచ్చా? ఉబ్బిన పలక ఎక్కడికి పోతుంది? లోపలి వంపు కర్రల్ని, పడవ పక్కటెముకల్ని విరగ్గొడుతుంది."

"ఎన్నాళ్ళకి?"

"వారమో, పది రోజులో."

"నాకు ఒక్క మధ్యాహ్నం చాలు. చుక్కాని నా చేత్తో పట్టుకుని నది మలుపు దాకా వెళ్ళొస్తా. తర్వాత అది ముందు పోతుందో నేను ముందు పోతానో, పందెం వేసుకోండి."

క్లారీ టోపీ పెట్టుకుని లేచాడు. "పడవకి గొయ్యి తవ్వడం నా వల్ల కాదు."

జిగురు నేనే కలిపాను. డబ్బా మూత తిప్పడం కూడా లయల్ వల్ల కాలేదు మరి. ఇప్పుడు ఎవరేమన్నా సరే, వాడు మళ్ళీ అడిగితే మళ్ళీ కలుపుతాను.

వసంతంలో పడవని నదిలోకి దించాం. లోపలికి చుక్క నీరు రాలేదు. మా ఒడ్డు వాళ్ళు వంగి లోపలికి చూశారు, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు, ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. మొదటిరోజే కారని చెక్క పడవంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. లయల్ మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు.

"చూడక్కా, బిస్కెట్‌లా పొడిగా ఉంది! భోంచేసి బయల్దేరదాం."

ఆల్చిప్పల కూర నింపి కాల్చిన రొట్టెలు తినడం పూర్తయ్యేలోగా పడమటి గాలి లేచింది. నది తెల్లగా నురగలు కక్కింది. రేపు వెళ్దాం అనుకున్నాం.

ఆ రేపు రాలేదు. మంచు కొండల మీంచి దిగిన గాలి ఊరి రేకులు పీకుతూ అక్కడే తిష్ఠ వేసింది. రోజూ పొద్దున్నే వాడి వేళ్ళకి నూనె రాసి, ట్రక్కులో రేవు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. అద్దాలెక్కించుకుని, కట్టేసిన పడవని చూస్తూ కూర్చునేవాళ్ళం. ఒకరోజు వాడి చేతిలోంచి టీ కప్పు జారింది. తుడిచేశాను. తరువాత కప్పు నేనే పట్టుకుని తాగించాను. నాకు ఏడుపొచ్చేది. గాలిని బండబూతులు తిట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం, అద్దాలు మూసి ఉన్నా, పడవలోంచి ఫట్ మని వినిపించింది.

"ఎడంపక్క, నడుం దగ్గరది," అన్నాడు లయల్. ఆ పక్కటెముకల్ని, చెక్కని మెత్తబరిచే ఆవిరిపెట్టెలోంచి పొగలు కక్కుతుండగా తీసి, చల్లారేలోపు మేమిద్దరమే వంచాం. దేని గొంతు ఏదో వాడికి తెలుసు. ఆ తరువాత రోజూ ఒకటో రెండో విరుగుతూనే ఉన్నాయి. కొన్నాళ్ళకి వాడు ఏది విరిగిందో చెప్పడం కూడా మానేశాడు.

మూడో వారం గాలి తగ్గింది. ఎండ కాసింది. క్లారీ వచ్చి పడవలోకి దిగాడు. మేకులు ఊడి, చీలమండల దాకా నీళ్ళున్నాయి.

"మెత్తటి పుట్టీ పెట్టుంటే ఇవాళ్టికి..." అని నాలిక్కరుచుకున్నాడు.

"ఆపావేం, చెప్పు," అన్నాడు లయల్. "ఇవాళ్టికి బిగిసిపోయుండేది. అంతేగా?"

క్లారీ తల వంచుకున్నాడు. "ఎముకలు కొత్తవి వెయ్యొచ్చురా. ఒక్క చలికాలం పని."

లయల్ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను నది వైపు తిరిగాను.

"నన్ను దించండి," అన్నాడు.

ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని పడవ వెనక భాగంలో కూర్చోబెట్టాం. వాడి బూట్లు నీళ్ళలో మునిగాయి. తాడు విప్పమని వాడు అడగలేదు, క్లారీ విప్పలేదు. వాడి చెయ్యి తీసి చుక్కాని కర్ర మీద పెట్టాను. వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, పైన నా చెయ్యి వేసి అదిమిపట్టాను. వాడు మలుపు వైపు చూస్తున్నాడు.

"ఇంక వదులక్కా. నేను పట్టుకున్నాగా."

వదిలాను. చెయ్యి జారి వాడి ఒళ్ళో పడింది. నది మీద గాలి తెరచాపకి సరిగ్గా సరిపోయేంత వీస్తోంది.