దొర పలుపు

అనకాపల్లి చుట్టుపక్కల ఏ తీర్థంలోనైనా ఎడ్లబళ్ల పందేనికి ఎల్లారావు దిగాడంటే, తక్కినవాళ్లు రెండో బహుమతి కోసమే తోలుకునేవారు. ముల్లుకర్ర పట్టేవాడు కాదు మహానుభావుడు. కుడిపక్క ఎద్దు దొర చెవిలో ఏదో ఊదేవాడు, అంతే, బండి గాలిలో ఉండేది. ఆ మంత్రమేమిటో కట్టుకున్న దుర్గాలక్ష్మికి కూడా చెప్పలేదు.

ఒక పందెంలో చక్రం ఊడి తుంటి విరిగాక ఆ వైభవమంతా మూలపడింది. దొరను తుమ్మపాల ఊరి నానాజీకి అమ్మేశాడు. ఎద్దునిచ్చినా పలుపుతాడు ఇవ్వకూడదు, ఇస్తే ఇంటి కలిమి దాంతోపాటే పోతుందంటారు. ఎల్లారావు పలుపూ ఇవ్వలేదు, మంత్రమూ ఇవ్వలేదు. గుంజకు వేలాడే పలుపును రోజూ తడిమి చూసుకునేవాడు. కుర్రకారు ‘తోలితే ఎల్లారావులా తోలాలి’ అనుకుంటుంటే, పోయినవాడి గొప్పలు వింటున్నట్టు ప్రాణం ఉసూరుమనేది.

ఈ ఏడు తీర్థానికి ఆ పలుపు భుజాన వేసుకుని కుంటుకుంటూ వెళ్లాడు. పందెం మొదలయ్యే గీత దగ్గర దొర మొండికేసింది. నానాజీ అదిలించాడు, బతిమాలాడు, తోక మెలిపెట్టాడు. ఊహూఁ. జనం గొల్లున నవ్వారు. నిజం చెప్పాలంటే ఎల్లారావు లోలోపల మురిసిపోయాడు. తను తప్ప ఇంకొకడు తోలితే కదలదు కదా మరి.

నానాజీ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “రెండు తీర్థాల్నుంచీ ఇదే వరస బావా. ఇయ్యాల కూడా కదల్లేదంటే కటికోడికి అమ్మేత్తాను.”

ఎల్లారావు మురిపెం అక్కడే చచ్చింది. నానాజీని మళ్లీ బండెక్కమని, కర్ర పొడుచుకుంటూ వెళ్లి, దొర చెవి పట్టుకుని, నానాజీకి వినబడేలా అన్నాడు: “ఏరా, ఇంటికెల్దామా?”

అంతే. బండి మీదున్న నానాజీకి పగ్గాలు పట్టుకోవడమే పని అయింది. మొదటి బహుమతి కొట్టేశాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసే బయల్దేరారు. దారి చీలిన చోట దొర ఆగిపోయి, ఎల్లారావు ఊరివైపు తల తిప్పింది. పాపం, మాట నమ్మి పరిగెత్తింది మరి. ఎల్లారావుకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ బండెక్కి తన వాకిట్లోకి తోలుకుపోవాలనిపించింది. భుజం మీది పలుపు తీసి దొర మెడకు కట్టాడు. దాని మొహం తుమ్మపాల వైపు తిప్పాడు.

“ఇక నువ్వు సెప్పు,” అన్నాడు నానాజీతో.

నానాజీ మెల్లగా ఆ మాటే అన్నాడు. దొర కాసేపు చెవులాడించి, తుమ్మపాల దారి పట్టింది. గంటల చప్పుడు చెరకుతోటల వెనక అణగిపోయేదాకా ఎల్లారావు అక్కడే నిలబడ్డాడు.

ఇంటికొచ్చేసరికి దుర్గాలక్ష్మి ఖాళీ భుజం చూసి, పలుపేదని అడిగింది.

“ఇంటికెల్లిపోనాది,” అన్నాడు.