మూడు రోజుల చదువు

రెండు నెలల కుక్కపిల్ల బొండా, ‘సిట్’ అంటే కూర్చోవడం మూడు రోజుల్లో నేర్చేసుకుంది. సుగంధి ఆ సంగతి ముదలియార్‌పేటలో వాళ్ల వీధంతా చెప్పుకొచ్చింది. తీరా నాలుగో రోజు, రెండు చేతుల్లో టీ గ్లాసులు పట్టుకుని ‘సిట్’ అంటే, బొండా తోక ఊపుతూ అలాగే నిలబడింది. పదిసార్లు చెప్పినా అంతే. సుగంధికి ఒళ్లు మండింది.

తాత శివలింగం గడపలో కూర్చుని చూస్తున్నాడు. మిల్లులో ముప్పయ్యేళ్లు మగ్గాల రొదలో పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆ రొదలో అందరూ సైగలతోనే మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడూ ఆయనది సైగే. అరచెయ్యి చాపి మెల్లగా కిందికి దించాడు. బొండా ఠక్కున కూర్చుంది.

‘సిట్’ అన్నప్పుడల్లా తన చెయ్యీ అలాగే దిగేదని సుగంధికి అప్పుడు తట్టింది.

“అవ్వా, అది నా మాటే ఇనలేదు. చెయ్యి చూసి కూచునింది. ఈ సైగ నాకు యాడ అబ్బింది?”

అవ్వ భాగ్యం వంటింట్లోంచి తల బయటపెట్టింది.

“చిన్నప్పుడు అన్నం కాడ నిన్ను కూచోబెట్టింది మీ తాత చెయ్యేనే. దానికి మూడు దినాలు. నీకు ఏడాది పట్టింది.”