జీతమడిగిన నక్క

ఆ కార్టూన్ సినిమాల స్టూడియోలో అందరూ అతణ్ని నడకలాయన అంటారు. ఏనుగు కానీ, చీమ కానీ, మూడు కాళ్ల బల్ల కానీ, తెర మీద నడవాలంటే అతని చెయ్యి పడాల్సిందే. ఇంత పేరున్న మనిషి జీతం మాత్రం ఉన్నచోటే చతికిలబడింది. కిందటేడు పేరు ముందు 'సీనియర్' అని చేర్చారు. జీతానికి మాత్రం పైసా చేర్చలేదు.

ఇంట్లోనూ అతని పరువు అంతంతమాత్రమే. అల్లుడి ఉద్యోగం ఏమిటని ఎవరడిగినా అత్తగారు "కంప్యూటర్లో పనిలెండి" అని మాట దాటేస్తుంది. ఒకసారి పక్కింటావిడ గుచ్చి గుచ్చి అడిగేసరికి నిజం కక్కాల్సి వచ్చింది.

"బొమ్మలాడించినందుకు కూడా జీతమిస్తారా!" అని ఆవిడ నోరు వెళ్లబెట్టింది.

"ఇస్తారమ్మా, ఇచ్చినట్టు మనకి తెలియకుండా ఇస్తారు," అంది అత్తగారు. ఆ మాట పక్కగదిలో ఉన్న అల్లుడి చెవిన పడింది.

ఇంతలో బావ, అంటే భార్య అన్నయ్య, తన టైల్స్ షాపుకు రెండో బ్రాంచి తెరుస్తూ అతణ్ని మేనేజరుగా రమ్మన్నాడు. ఇప్పుడొస్తున్న దానికి రెట్టింపు ఇస్తానన్నాడు. శుక్రవారం సాయంత్రంలోగా అవునో కాదో తేల్చకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని కూడా అన్నాడు.

"మీ వాచీ సారుని ఒక్కసారి గట్టిగా అడగండి," అంది భార్య. "పెంచితే అక్కడే ఉండండి. లేదంటే అన్నయ్య దగ్గరికెళ్లండి. ఇలా మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే నేను చూడలేను."

"అడుగుతాలే."

"ఏం అడుగుతారు! పోయినసారి అడగడానికెళ్లి ఆయనకి కాఫీ తెచ్చిచ్చి వచ్చారు."

అది నిజమే.

వాచీ సారంటే ప్రొడక్షన్ మేనేజరు. జీతాలు, సెలవులు, గడువులు అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఎవరు ఏమడిగినా వాచీ చూసుకుంటాడు, పొట్ట నిమురుకుంటాడు, "చూద్దాం" అంటాడు. అలా అన్న తర్వాత ఆయన ఏదైనా చూసిన దాఖలా లేదు.

యానిమేటర్లకు ఒక అలవాటుంది. బొమ్మ చేత ఏ పని చేయించాలన్నా ముందు ఆ పని తామే చేసి, ఫోన్లో వీడియో తీసుకుని, అది చూస్తూ బొమ్మను కదిలిస్తారు. దాన్ని రిఫరెన్సు అంటారు. పెళ్లయిన కొత్తలో మొగుడు పడగ్గదిలో కప్పలా గెంతుతుంటే చూసి భార్య హడలిపోయింది. ఇప్పుడు మాత్రం "కాస్త అటు గెంతండి, బట్టలు మడతపెట్టుకోవాలి" అంటుంది.

ఆ వారం అతనికొచ్చిన సన్నివేశంలో ఎలుగుబంటి తేనెపట్టు ముందేసుకుని కూర్చుంటే, నక్క వచ్చి తన వాటా అడగాలి. గురువారం ఉదయం అతను బనీను లోపల దిండు దోపుకుని ఎలుగుబంటి అయ్యాడు. తువ్వాలు వెనక దోపుకుని నక్క అయ్యాడు. రెండు వేషాలూ వీడియో తీసుకున్నాక, ఎలాగూ దిండు సిద్ధంగా ఉంది కదా అని, జీతం అడగడం కూడా అభ్యాసం చేసి తీసుకున్నాడు. దిండుతో వాచీ సారయ్యాడు. తోక ఊడదీసే ఓపిక లేక తోకతోనే తానయ్యాడు.

ఫోన్లో ఆ రెండు వీడియోలూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఆఫీసుకు పంపేటప్పుడు అతను ఏది నొక్కాడో దేవుడికే తెలియాలి.

శుక్రవారం చీకటిగదిలో పెద్ద తెర ముందు అందరూ కూర్చున్నారు. ముందు వరసలో డైరెక్టరమ్మ, ఆవిడ పక్కన వాచీ సారు ఉన్నారు. అక్కడి పద్ధతి ప్రకారం ముందు రిఫరెన్సు వేస్తారు, ఆ తర్వాత బొమ్మ వేస్తారు. ఇది అయిపోగానే వాచీ సారు వెనకే వెళ్లి జీతం అడిగేయాలని నడకలాయన గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు.

తెర మీద దిండు పొట్టతో తానే ప్రత్యక్షమయ్యాడు. వాచీ చూసుకుని, పొట్ట నిమురుకుని, "చెప్పవయ్యా, అయిదు నిమిషాలే ఉన్నాయి," అన్నాడు.

తోకతో ఉన్న తాను చేతులు నలుపుకుంటూ, "సార్, జీతం సంగతి..." అని నసిగాడు.

"జీతమా! బడ్జెట్ బిగుతుగా ఉందయ్యా. కావాలంటే నీ సీనియర్‌కి ముందు ఇంకో సీనియర్ తగిలిస్తాను."

నడకలాయన వీడియో ఆపేద్దామని కీబోర్డు మీదికి ఉరికాడు. డైరెక్టరమ్మ అతని చెయ్యి పట్టేసుకుని, "ఉండవయ్యా, బాగుంది," అంది.

వీడియో చివర్లో బట్టలు మడతపెడుతున్న భార్య గొంతు గదంతా వినిపించింది. "ఏవండీ, గట్టిగా అడగమంటే తోక ఊపుతారేంటి?"

నవ్వాలో వద్దో తెలియక జనం పెదాలు కరుచుకున్నారు. వాచీ సారు లేచాడు. అందరూ తలలు దించుకున్నారు. నడకలాయన మనసులోనే టైల్స్ షాపు షట్టరు ఎత్తడం మొదలుపెట్టాడు.

"తప్పు," అన్నాడు వాచీ సారు. "నేను ముందు వాచీ చూసుకోను. ముందు మనిషిని చూస్తాను. ఆ తర్వాతే వాచీ. అప్పుడు గానీ తన టైమైపోయిందని అవతలివాడికి తెలీదు."

"చేసి చూపించండి సార్," అంది డైరెక్టరమ్మ. ఆవిడకు కావలసింది ఎలుగుబంటి. దాన్ని ఏ మనిషిలోంచి లాగినా ఆవిడకు ఒకటే.

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత చెత్తబుట్టను తేనెపట్టులా కావలించుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆ బరువుకు నేల అదిరిందనుకున్నారు చూసినవాళ్లు. వెంటనే లేచి నక్కయ్యాడు. చేతులు నలపలేదు, వంగలేదు. ఎలుగుబంటి వైపు చూడకుండా తేనె వైపే చూస్తూ, ఒక కాలి మీద నిలబడి, గుటక మింగాడు. అంతే. ఏళ్ల తరబడి ఆయన గది గుమ్మం ముందు నడకలాయన నిలబడింది సరిగ్గా అలాగే.

ఈయన ఒకప్పుడు యానిమేటరని పాతవాళ్లెవరో గుసగుసలాడారు.

తర్వాత నడకలాయన ఆయన గదికెళ్లి, బావ రెట్టింపు జీతం ఇస్తానంటున్నాడని నసిగాడు. ఆయన తలుపు వేసి, "రెట్టింపు ఇవ్వగలను," అన్నాడు. "కానీ నీ సీట్లో కాదు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. షెడ్యూళ్లు, మీటింగులు చూసుకో. బొమ్మ ముట్టుకునే పనుండదు. ఇక్కడ పైకెళ్లాలంటే దారి అదొక్కటే. పిల్లలూ, ఇంటి అప్పూ వచ్చాక నేనూ ఆ దారే పట్టాను."

"ఎప్పుడైనా ఒక షాటు చేసుకోవచ్చా సార్?"

"నేనూ అలాగే అనుకున్నానయ్యా." ఆయన అద్దంలోంచి బయటి బల్లల వైపు చూశాడు. అక్కడ నలుగురు ఆయన నక్కను అనుకరించబోయి తంటాలు పడుతున్నారు. "ఎన్నేళ్లయిందో ఒక్క బొమ్మని నడిపించి."

నడకలాయనకు భయమేసింది. టైల్స్ షాపు కంటే ఆ కుర్చీయే అతన్ని ఎక్కువ భయపెట్టింది. షాపులో కనీసం రోజూ కళ్లముందు వేరేవాళ్లు బొమ్మలాడించరు.

"నాకా కుర్చీ వద్దు సార్," అన్నాడు. "నా సీట్లోనే ఉంటాను. ఆ సీటుకే పెంచండి. చూద్దాం అంటే మాత్రం ఇవాళే వెళ్లిపోతాను." అంత మాట అన్నది తానేనా అని తనకే అనుమానమొచ్చింది.

వాచీ సారు అతని మొహంలోకి చూశాడు, వాచీ మాత్రం చూసుకోలేదు. "నువ్వు అడిగిన పెంపులో సగం ఇస్తాను. అంతకంటే పెంచితే నా కుర్చీ ఊడుతుంది."

అతను అక్కడి నుంచే బావకు ఫోను చేసి రాలేనన్నాడు. "నీ ఖర్మ," అన్నాడు బావ. భార్యకు చెబితే ఆవిడ, "సగమేనా?" అని, మళ్లీ "మీరే అడిగారా?" అంది. అవునన్నాడు. "అయితే సరే," అంది. ఆ గొంతులో సంతోషం అతనికి స్పష్టంగా వినిపించింది.

ఫోను పెట్టేసి లేవబోతుంటే వాచీ సారు గొంతు సవరించుకున్నాడు. "ఒకటడగనా? ఆ నక్క నాకిస్తావా? ఒక్క షాటే. జీతంలో రాయక్కర్లేదు."

నడకలాయన ఆయన్ని తీసుకెళ్లి తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను వెనక నిలబడ్డాడు. ఆయన పెన్ను అందుకున్నాడు.

"అన్నీ మారిపోయాయే! ఎక్కణ్నించి మొదలెట్టాలయ్యా?"

"బరువు ఏ కాలి మీదుందో అక్కణ్నించి సార్."

ఆయన తడుముకుంటూ ఏదో లాగాడు. తెర మీద నక్క ఒక అడుగేసి బోర్లాపడింది. వాచీ సారు పగలబడి నవ్వాడు. చుట్టుపక్కల బల్లల దగ్గర అందరూ తలలు తిప్పి చూశారు. ఆయన నవ్వడం వాళ్లలో ఎవరూ అంతకుముందు వినలేదు.